నీది చెప్పు, నాది చెప్పొద్దు

డిసెంబర్ 31 రాత్రి మీరేం చేస్తారు? బెంగళూరులో మా టీమ్‌లో సగం మంది గోవా టికెట్లు సెప్టెంబర్‌లోనే బుక్ చేసేస్తారు. మిగతా సగం మంది ‘ఈసారి ఇంట్లోనే’ అనుకుని, పన్నెండు దాకా రీల్స్ చూసి పడుకుంటారు. నేను మాత్రం ముంబై వైపు పోయే రైలెక్కి ఆదోనిలో దిగుతా. అక్కణ్ణుంచి బస్సులో ఎమ్మిగనూరు. ఆ రాత్రి మా చర్చిలో చాప మీద కూర్చునే కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టాలి. ఇది మా ఇంటి రూల్. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి రూల్ మార్చే పవర్ నాకు రాలేదు.

వాచ్ నైట్‌కి ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం చిన్న పరిచయం. రాత్రి పదికి అటూ ఇటూగా మొదలవుతుంది. ముందు పాటలు, తర్వాత సాక్ష్యాలు, ఆ తర్వాత వాక్యం. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు అందరూ మోకాళ్ల మీద ఉంటారు. పన్నెండు కొట్టగానే హ్యాపీ న్యూ ఇయర్, కేకు, వాగ్దానం కార్డులు. ట్రేలోంచి కళ్లు మూసుకుని ఒక కార్డు తీసుకుంటే, దాని మీద ఉన్న వాక్యం ఆ ఏడాదంతా మనది. ఇవన్నిట్లో నాకు చిన్నప్పట్నుంచీ బాగా ఇష్టమైంది, బాగా భయమైంది ఒకటే. సాక్ష్యాలు.

సాక్ష్యం అంటే మరేం లేదు. లేచి నిలబడి, మైక్ పట్టుకుని, ఈ ఏడాది దేవుడు నా జీవితంలో ఏం చేశాడో చెప్పడం. పత్తి మూటలు మోసే హమాలీ చెప్తాడు, మగ్గం నేసే ఆమె చెప్తుంది, టెన్త్ పాసైన పిల్ల చెప్తుంది. చదువు రాని జేజి కూడా మైక్ పట్టుకుని పది నిమిషాలు అనర్గళంగా మాట్లాడేస్తుంది. మా ఊళ్లో పేదవాళ్లకి మైక్ అంత తేలిగ్గా దొరికే చోటు ఇంకోటి నేను చూడలేదు. అందుకే ఇష్టం.

భయం ఎందుకంటే, మా అమ్మ కూడా చెప్పేది. ప్రతి ఏడాదీ. అదే సాక్ష్యం.

అమ్మ మైక్ పట్టుకుంటే నాయన బయటికి

మా నాయన మగ్గం నేసేవాడు. ఎమ్మిగనూరు అంటేనే మగ్గాలు కదా. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. కానీ నేను పుట్టేసరికి ఆ వైభవం కథల్లోనే మిగిలింది. నాయన వారం కూలి శనివారం చేతికొస్తే, ఆదివారం పొద్దునకి అందులో సగమే ఇంటికి చేరేది. మిగతా సగం ఎక్కడికి పోయేదో నేను చెప్పక్కర్లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయన తాగుడు మానేశాడు. ఎలా మానేశాడో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ప్రార్థన అంటుంది అమ్మ. నాయన ఏమీ అనడు. మొత్తానికి మానేశాడు, మళ్లీ ముట్టలేదు. ఇది నిజంగానే గొప్ప సంగతి.

ఆ ఏడాది డిసెంబర్ 31న అమ్మ మొదటిసారి సాక్ష్యం చెప్పింది. నాయన ఎలా తాగేవాడో, ఏ రోజు ఏం పగలగొట్టాడో, తాను ఎన్ని రాత్రులు పస్తు పడుకుందో, దేవుడు ఆయన్ని ఎలా మార్చాడో. చర్చి అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాతి ఏడాది అమ్మ మళ్లీ అదే చెప్పింది. ఆ తర్వాతి ఏడాదీ అంతే. నాలుగో ఏడాదికి నేను ఒకటి గమనించాను. అమ్మ మైక్ దగ్గరికి నడుస్తుంటే నాయన మెల్లగా లేచి చెప్పులు వేసుకునేవాడు. రోడ్డవతల టీ బంకు దగ్గర నిలబడి, అమ్మ ముగించి పాట మొదలయ్యాక లోపలికొచ్చేవాడు.

నాయన మారాడని అమ్మ చెప్పిన ప్రతిసారీ, ఆ పది నిమిషాలు నాయన మళ్లీ తాగుబోతు అయ్యేవాడు. అప్పుడు నాకు ఈ మాట దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

ఉగ్గాని దగ్గర రిహార్సల్

పోయిన డిసెంబర్‌లో పాస్టర్ గారు ఫోన్ చేశారు. “బాబూ, నువ్వు బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేస్తాండావు. యూత్‌కి ఒక సాక్ష్యం చెప్పు. ఆశీర్వాదంగా ఉంటాది.” సరే అన్నాను. పాస్టర్ గారికి కాదని చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆదోనిలో రైలు దిగేసరికి ఇంకా తెల్లారలేదు. నా ఆదోని దోస్తు బండి వేసుకుని స్టేషన్‌కి వచ్చాడు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు రూమ్మేటు. ఇప్పుడు వాళ్ల నాన్న బట్టల షాపు చూసుకుంటున్నాడు. పక్కా నమాజీ. ఇద్దరం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పుకుని కూర్చున్నాం. ఉగ్గాని తెలియనివాళ్లు ఉంటే జాలిపడుతున్నాను. నానబెట్టిన బొరుగులు, పుట్నాల పొడి, నిమ్మకాయ, పక్కన బజ్జీ. మా కర్నూలు పడమటి సీమకి, పక్కన బళ్లారికి పొద్దున్నే తెల్లారేది దానితోనే.

“ఏం చెప్తావ్ రా చర్చిలో?” అన్నాడు. ఫోన్‌లో నోట్స్ తీసి చదివాను. చిన్నప్పుడు పేదరికం. మ్యాథ్స్‌లో ఫెయిల్ అయ్యేవాణ్ణి. అమ్మ ఉపవాస ప్రార్థన. ఇంజనీరింగ్ సీటు. 2019లో క్యాంపస్ ప్లేస్‌మెంట్. దేవునికి మహిమ.

వాడు బజ్జీ కొరికి, నమిలి, నిదానంగా అన్నాడు. “ఇది సాక్ష్యం కాదు రా. రెజ్యూమె. దేవుణ్ణి రెఫరెన్స్‌లో పెట్టినావ్, అంతే.”

నవ్వేశాను. కానీ వాడు నవ్వలేదు. “2023 ఏమైంది దీంట్లో?” అన్నాడు.

2023 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, లేఆఫ్. ఆరు నెలలు ఖాళీగా ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు. అమ్మకి నెలనెలా పంపే డబ్బు మాత్రం ఆపలేదు. నాలుగు నెలల పాటు నా రూమ్ అద్దె కట్టింది ఎవరనుకుంటున్నారు? ఎదురుగా కూర్చుని బజ్జీ తింటున్న వీడే. వాళ్ల అమ్మ ఐదు పూటలా నా కోసం దువా చేసేదట. చివరికి ఇంకో కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది, పాత జీతం కంటే తక్కువకి. ఇంట్లో మాత్రం ‘కంపెనీ మారాను’ అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

నా ఫోన్ నోట్స్‌లో 2019 తర్వాత నేరుగా 2025 ఉంది. మధ్యలో ఏమీ లేదు. మా ఫీల్డ్‌లో లాగ్ ఫైల్ ఒకటుంటుంది. సర్వర్‌లో ఏ నిమిషాన ఏం జరిగిందో అది రాసుకుంటూ పోతుంది. బాగున్న లైన్లు ఉంచేసి ఎర్రర్ లైన్లు డిలీట్ చేశారనుకోండి, ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు. నేను చేసింది అదే పని.

చెప్పులు కుట్టే చేతుల నుంచి

ఈ సాక్ష్యం అనే అలవాటు మన దగ్గరికి ఎలా వచ్చింది? ఆ మధ్య దీని వెంటపడి కాస్త చదివాను. స్టేజీ, మైకు, కీబోర్డ్ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, ఇవన్నీ తర్వాత వచ్చినవి. మొదట్లో ఇది చుట్టాలింట్లో చెప్పుకునే కబురు.

ఒంగోలు ప్రాంతంలో తాళ్లకొండపాడు అనే ఊరి మనిషి యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారి. అప్పటికే యోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం తీసుకుని, ఇంకా ఏదో వెతుకుతున్నవాడు. తోళ్ల బేరం మీద ఉత్తరానికి వెళ్తే, ఏలూరులో క్రైస్తవుడైన ఒక బంధువు తన సంగతి చెప్పాడు. పేరయ్య విన్నాడు, ఇంటికొచ్చి భార్య నాగమ్మకి చెప్పాడు. 1866లో ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత తోళ్ల వ్యాపారం మీద ఏయే ఊళ్లలో పరిచయాలున్నాయో ఆ ఊళ్లకే కాలినడకన తిరిగి తన సంగతి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మంది. 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నది 2,222 మంది. ఈ నంబరు పక్కన ఎప్పుడూ అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ పేరే కనిపిస్తుంది. కానీ ఆ ఊళ్లన్నీ నడిచిన కాళ్లు పేరయ్యలాంటి వాళ్లవి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. అప్పట్లో మన ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది (1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలు జిల్లాలోకి వచ్చింది). ఆ బళ్లారి, కర్నూలు ప్రాంతాలు కరువుకి బాగా దెబ్బతిన్నాయి. ఒంగోలు వైపు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. ఆ కరువు పనులు సాగినంతకాలం కొత్తగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. అన్నం పెట్టే చెయ్యే మైక్ కూడా పట్టుకుంటే, ఎదుటివాడు కాదనలేడు. కాదనలేని చోట చెప్పించింది సాక్ష్యం అవ్వదు.

ఈ మనుషుల కథలు మనకి మిగలడానికి కారణం క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మాదిగ పెద్దలు చెప్పుకున్న వాళ్ల జీవితాలను విని, రాసి, 1899లో పుస్తకంగా వేసింది. దాని పేరుకి అర్థం ‘చెప్పులు కుడుతూ’ అని. ఎవరూ లెక్కలో పెట్టని మనిషి ‘నాకు ఇలా జరిగింది’ అని చెప్తే, ఇంకో మనిషి కూర్చుని రాసుకోవడం. అప్పట్లో అదేమీ చిన్న విషయం కాదు.

ఇంజనీర్లు అడుగుతారని ఇంకో ఉదాహరణ. మన కర్నూలు సీమలో చాలామందికి తెలిసిన పేరు భక్త్ సింగ్. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. లండన్‌లో, తర్వాత కెనడాలో ఇంజనీరింగ్ చదివాడు. 1929లో విన్నిపెగ్‌లో స్నేహితులిచ్చిన బైబిల్ చదవడం మొదలుపెట్టి మారిపోయాడు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మొదలుపెట్టాడు, 2000లో చనిపోయాడు. ఆయన తన సాక్ష్యంలో ఒక మాట దాచకుండా చెప్పేవాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఎవరో బైబిల్ ఇస్తే, లోపలి కాగితాలన్నీ చించి పారేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం ఉంచుకున్నాడట.

నాకు ఈ అట్ట కథ చాలా నచ్చుతుంది. అక్కడ ఆయన చెప్తున్న తప్పు ఎవరిది? ఆయనదే. వాళ్ల నాన్నది కాదు, భార్యది కాదు, పక్కింటివాళ్లది కాదు.

మైక్ అందనివాళ్లు

మళ్లీ మన చర్చికి వద్దాం. కొన్నేళ్ల కిందట ఒక వాచ్ నైట్‌లో ఒకాయన లేచాడు. కిడ్నీలు పాడయ్యాయట. డాక్టర్లు చెయ్యెత్తేశారట. సంఘమంతా ప్రార్థన చేస్తే తగ్గిందట. అందరూ చప్పట్లు. నిజంగానే సంతోషం. ఆయన ఇప్పటికీ ఉన్నాడు, బాగున్నాడు.

అదే ఏడాది అదే జబ్బుతో భర్త పోయిన అక్క ఒకామె ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుని ఉంది. ఆయన కోసమూ ఇదే సంఘం ప్రార్థన చేసింది. అవే శుక్రవారాలు, అవే ఉపవాసాలు. అందరితో పాటు ఆ అక్క కూడా ‘ఆమెన్’ అంది. ఆ ఆమెన్ నాకు ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది.

మేం డేటాతో పనిచేసేవాళ్లం. గెలిచినవాళ్ల లెక్క మాత్రమే చూసి ఫార్ములా రాస్తే ఫార్ములా తప్పుతుందని మాకు మొదటి రోజే నేర్పుతారు. చర్చిలో మైక్ దగ్గరికి వచ్చేది ఎవరు? తగ్గినవాళ్లు, పాసైనవాళ్లు, వీసా వచ్చినవాళ్లు. తగ్గనివాళ్లు, ఫెయిలైనవాళ్లు, సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయ కోతకి పోయి, వచ్చేసరికి పిల్ల చదువు పోగొట్టుకున్నవాళ్లు కూర్చునే ఉంటారు. వాళ్లకీ దేవుడున్నాడు. వాళ్ల దగ్గరా చెప్పాల్సింది ఉంది. కానీ దానికి చప్పట్లు వచ్చే ముగింపు లేదు.

ఇది ఒక్క చర్చి సంగతి కాదు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి దగ్గర మొక్కుకుంటే పెళ్లి కుదిరిందని చెప్పే అన్న, ఆదోని దర్గాలో తాయెత్తు కట్టించుకుంటే జ్వరం పోయిందని చెప్పే పిన్నమ్మ, జిమ్‌లో చేరి ముప్పై కేజీలు తగ్గానని రీల్ పెట్టే క్లాస్‌మేట్, అందరం చేసేది ఇదే పని. ముందు అలా ఉన్నాను, ఇప్పుడిలా ఉన్నాను. మధ్యలో ఒక పేరు. ఆ మధ్యలో ఏమేం కట్ చేశామో మనకే తెలియాలి.

బైబిల్లోనే యోహాను సువార్తలో పుట్టుగుడ్డి ఒకడుంటాడు. చూపు వచ్చాక పెద్దలంతా చుట్టూ చేరి గుచ్చిగుచ్చి అడుగుతారు. నీకు చూపిచ్చినవాడు మంచివాడా, చెడ్డవాడా అని. వాడు తనకి తెలియనిది తెలియదంటాడు. తెలిసింది ఒక్కటే, అప్పుడు కనపడలేదు, ఇప్పుడు కనపడుతోంది అంటాడు. కోర్టులో సాక్షి కూడా ఇంతే కదా. చూసింది చెప్పాలి. చూడనిది చెప్తే ఎంత భక్తితో చెప్పినా అది దొంగసాక్ష్యమే.

లైవ్‌లో పెట్టేముందు

ఇప్పుడు ఫోన్ సంగతి. మా చర్చి కూడా రెండేళ్లుగా యూట్యూబ్‌లో లైవ్ ఇస్తోంది. నాతో సండే స్కూల్ చదివినవాడు ఒకడు కెమెరా ఆన్ అవ్వగానే వెనక స్తంభం చాటుకి జరుగుతాడు. మొదట్లో సిగ్గనుకున్నాను. తర్వాత చెప్పాడు. “సర్టిఫికెట్ ఉంది కదప్పా.”

అర్థం కానివాళ్లకి చెప్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీగా చూస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడంది. ఇది న్యాయమా కాదా అన్న చర్చ దేశంలో ఎప్పట్నుంచో ఉంది, ఉంటుంది. కానీ నా దోస్తుకి అది చర్చ కాదు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం. వాడి ముఖం కనిపించే లైవ్‌లో ‘మా తమ్ముడు కూడా రక్షణ పొందాడు’ అని ఇంకొకరు ఉత్సాహంగా చెప్తే, దాని ఖర్చు చెప్పినవాడిది కాదు, వాడిది.

ఇక చెప్పే హక్కు సంగతి. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని నమ్మడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికి కూడా హక్కు ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం వంటి షరతులకు లోబడి. 1977లో సుప్రీంకోర్టు స్టెయినిస్లాస్ కేసులో దీనికి గీత గీసింది. నీ విశ్వాసం గురించి చెప్పడం నీ హక్కు, ఎదుటివాణ్ణి మార్చడం నీ హక్కు కాదు అని. లాయర్ల మాట పక్కన పెట్టినా ఇది స్నేహంలో పనికొచ్చే మాటే. చెప్పడం నా పని. ఏం చేసుకోవాలో వాడి పని.

నా ఆదోని దోస్తు ఒకసారి మా అమ్మ ఫోన్ స్పీకర్‌లో సాక్ష్యం వింటూ అడిగాడు. “ఈ అన్యులు అన్యులు అంటున్నారు, అంటే నేనేనా?” ఏం చెప్పాలో తెలియక టీ పెట్టడానికి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి ఆ పదం నా నోట రాలేదు. అద్దె కట్టినవాడు అన్యుడెలా అవుతాడు?

నాయన చెప్పిన ఒక్క మాట

ఆ సాయంత్రం ఎమ్మిగనూరులో మా ఇంటి అరుగు మీద నాయన పక్కన కూర్చున్నాను. అమ్మ లోపల ఓళిగలు చేస్తోంది. “నాయనా, ఈ రాత్రి చర్చిలో నన్ను చెప్పమన్నారు. ఏం చెప్పాల?” అన్నాను.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. వీధిలో ఎవరింట్లోనో మగ్గం చప్పుడు. తర్వాత అన్నాడు. “నీది చెప్పు. నాది చెప్పొద్దు.”

అంతే. పదిహేనేళ్లుగా టీ బంకు దగ్గర నిలబడి ఆయన మింగుతూ వచ్చిన మాట అది.

రాత్రి నా వంతు వచ్చింది. ఫోన్ నోట్స్ తెరవలేదు. ఉద్యోగం పోయిందని చెప్పాను. ఆరు నెలలు ఇంట్లో దాచానని చెప్పాను. అప్పుడు ప్రార్థన చేద్దామన్నా మాట వచ్చేది కాదని చెప్పాను. మా అమ్మ రోజూ పొద్దున ఐదున్నరకి వాట్సాప్ కాల్‌లో కుటుంబ ప్రార్థన పెడుతుంది. నేను అటెండ్ అయ్యి మ్యూట్‌లో ఉండేవాణ్ణి. ‘నా బిడ్డ ఉద్యోగాన్ని కాపాడు తండ్రీ’ అని అమ్మ అవతల అడిగేది. అప్పటికే ఆ ఉద్యోగం లేదు. ఇవతల మ్యూట్‌లో నేను ఏడ్చేవాణ్ణి. రోజూ ఆ కాల్ కోసమే లేచేవాణ్ణి.

“నాకు ఏ స్వరమూ వినపడలేదు. అద్భుతమేమీ జరగలేదు. తక్కువ జీతానికి ఒక ఉద్యోగం వచ్చింది. కానీ ఆ ఆరు నెలల్లో నేను ఒక్కణ్ణే లేను. పొద్దున మా అమ్మ గొంతు ఉంది. ఆదోనిలో ఒక ముస్లిం ఇంట్లో నా పేరు మీద దువా ఉంది. నన్ను ఒక్కణ్ణీ వదిలెయ్యనిది దేవుడే అని నేను నమ్ముతున్నాను. నేను చూసింది ఇంతే” అని కూర్చున్నాను.

చప్పట్లు రాలేదు. ఒకరిద్దరు ‘స్తోత్రం’ అన్నారు, కాస్త అనుమానంగానే. పాస్టర్ గారు మైక్ తీసుకుని, “దేవుడు ఇంకా మంచి ఉద్యోగం ఇస్తాడు, నమ్ముదాం” అని కవర్ చేశారు. అమ్మ నా వైపు చూడలేదు. కేకు కోసినప్పుడూ చూడలేదు. మర్నాడు బస్సెక్కేటప్పుడు మాత్రం డబ్బాలో ఓళిగలు పెట్టిచ్చి, “ఆర్నెల్లు ఏం తిన్నావు రా?” అంది. అంతే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మూడో వరస అక్క చెప్పుల దగ్గర ఆగింది. “వచ్చే ఏడాది నేను చెప్తా అబ్బీ” అంది. ఏం చెప్తుందో అడగలేదు. అది ఆమెది.

ఆ రాత్రి అమ్మ సాక్ష్యం చెప్పలేదు. టైం అయిపోయిందన్నారు. నాయన మాత్రం పాటలు మొదలైనప్పుడు కూర్చున్న చోటే, పన్నెండు దాటి వాగ్దానం కార్డు తీసుకునేదాకా కూర్చునే ఉన్నాడు. పదిహేనేళ్లలో మొదటిసారి.

మీరు ఏ దేవుణ్ణి నమ్మినా, అసలు నమ్మకపోయినా, మీ జీవితం గురించి ఎప్పుడో ఒకచోట చెప్పాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలోనో, రీల్‌లోనో, చర్చిలోనో, పెళ్లిచూపుల్లోనో. చెప్పేముందు ఒక్కసారి చూసుకోండి. ఈ కథలో ఇంకెవరి ముఖమైనా ఉందా? ఉంటే వాళ్లని అడిగారా? వినేవాళ్లలో ఎవరైనా మెల్లగా లేచి చెప్పులు వేసుకుంటున్నారా?

మా ఊళ్లో నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తోంది. ఆదోని దోస్తు వస్తానన్నాడు, ఎద్దుల సంత చూడాలట. వాడిని ఈసారి నాయనకి సరిగ్గా పరిచయం చేయాలి. అద్దె సంగతి చెప్పొచ్చా అని వాణ్ణి అడిగాను. “నీది నువ్వు చెప్పుకో, నాది మాత్రం చెప్పకు” అన్నాడు. ఈ కాలమ్‌లో మాత్రం వాడి పర్మిషన్‌తోనే రాశాను. ఒక్క షరతు మీద. ఈసారి ఉగ్గాని బిల్లు నాది.